నిమిషాల లెక్క

ఆవిడ మా వాడి ముందు బొమ్మల పుస్తకం తెరిచి, ఒక్కో బొమ్మ మీదా వేలు పెట్టి "ఇదేమిటి?" అని ఇంగ్లీషులో అడుగుతోంది. వాడికప్పుడు ఏడేళ్ళు. మధ్యలో మాట్లాడకూడదన్న షరతు మీద నన్ను గదిలో ఒక మూల కూర్చోనిచ్చారు. కుక్క, బంతి, కుర్చీ... కొన్నిటికి జవాబు చెప్పాడు, కొన్నిటికి చెప్పలేదు. దువ్వెన బొమ్మ వచ్చింది. వాడు బొమ్మ వంక చూసి, నా వంక చూసి, స్పష్టంగా "దువ్వెన" అన్నాడు. ఆవిడ కాసేపు ఆగి మళ్ళీ అడిగింది. ఆవిడకి సరిగా వినపడలేదేమోనన్నట్టు వాడు ఈసారి కాస్త గట్టిగా "దువ్వెన" అన్నాడు. ఆవిడ కాగితం మీద సున్నా వేసింది.

నేను నోరు విప్పలేదు.

షరతుకి భయపడి అనుకునేరు. పరీక్ష అయ్యాక చెప్పొచ్చు, మర్నాడు ఉత్తరం రాయొచ్చు. బొత్తిగా సాధ్యం కానప్పుడు తప్ప పిల్లల్ని వాళ్ళ సొంత భాషలోనే పరీక్షించాలని అమెరికా చట్టం చెబుతుంది. ఆ సంగతి నాకు బాగా తెలుసు. ఆ పేజీని ప్రింటు తీసి, పసుపు పెన్నుతో గీతలు పెట్టి ఫైల్లో పెట్టుకున్నాను. ఆ ఫైలు ఆ క్షణాన నా ఒళ్ళోనే ఉంది. కానీ వాడికి మార్కులు తక్కువ రావాలి. తక్కువ వస్తేనే స్కూలువాళ్ళు సాయం ఇస్తారు. దువ్వెనకి మార్కు పడితే, అలాంటివి ఇంకో పదింటికి పడితే, వాడు గీతకి అటు పక్కకి వెళ్ళిపోతాడు. నా బిడ్డకి తెలిసిన మాటని, అదీ నా దగ్గర నేర్చుకున్న మాటని, తెలియని మాటగా లెక్క వేస్తుంటే నేను లోలోపల సంతోషించాను. ఇది ఇన్నేళ్ళలో ఎవరితోనూ అనలేదు.

మేం 2011లో గుంటూరు నుంచి డల్లాస్ శివార్లకి వచ్చాం. మా ఆయనది హెచ్-1 వీసా, నాది హెచ్-4. ఫలానా మనిషి మీద ఆధారపడిన మనిషి అని ప్రభుత్వం రాసిచ్చిన కాగితమన్నమాట. డిగ్రీ కాలేజీలో ఏడేళ్ళు ఎకనమిక్స్ చెప్పిన నాకు అక్కడ ఉద్యోగం చేసే వీల్లేదు. 2015 మేలో, భర్తల గ్రీన్‌కార్డు దరఖాస్తు ఒక దశ దాటినవాళ్ళకి, పని చేసుకోవచ్చన్నారు. అప్పటిదాకా నా ఉద్యోగం మా వాడే. నాలుగు దాటినా రెండు మాటలు కలిపేవాడు కాదు. అత్తయ్యగారు ఫోనులో "వాళ్ళ నాన్న కూడా అయిదేళ్ళకి గానీ నోరు తెరవలేదు, కంగారు పడకు" అనేవారు.

స్కూల్లో వేశాక 2013లో టీచర్ని అడిగాను. చిరునవ్వుతో "చూద్దాం" అంది. రెండు భాషల పిల్లలు ఆలస్యంగా మాట్లాడతారంది, ముందు తరగతిలోనే కాస్త ఎక్కువ శ్రద్ధ పెట్టి చూస్తామంది. ఆ చూడడం ఏడాది పట్టింది. నోటిమాటగా అడిగితే లాభం లేదనీ, కాగితం మీద రాసిస్తే 15 స్కూలు రోజుల్లో జవాబివ్వాలనీ ఆ తర్వాత తెలిసింది. అసలు కథ 2016 సెప్టెంబరులో హ్యూస్టన్ క్రానికల్ పత్రిక బయటపెట్టింది. టెక్సస్ రాష్ట్ర విద్యాశాఖ 2004 నుంచీ ఒక అంకె పెట్టుకుంది. ఏ స్కూలు డిస్ట్రిక్టులోనైనా పిల్లల్లో 8.5 శాతం మందికి మించి ప్రత్యేక విద్య అందుతుంటే దాన్ని లోపంగా లెక్కవేసేవారు. దేశం మొత్తం సగటు అప్పుడు 13 శాతం దగ్గర ఉంది. 2017లో రాష్ట్ర శాసనసభ అలాంటి అంకెలు పెట్టకూడదని చట్టం చేసింది. 2018 జనవరిలో కేంద్ర విద్యాశాఖ కూడా టెక్సస్ చట్టాన్ని ఉల్లంఘించిందని తేల్చింది. మా వాడి విషయంలో ఆ అంకె పనిచేసిందని నేను రుజువు చెయ్యలేను. ఆ టీచరు మంచిదే. కానీ ఆ వార్త చదివిన రోజు వంటింట్లో నిలబడి చాలాసేపు ఏడ్చాను. ఏడాది పాటు తప్పంతా ఇంట్లో తెలుగు మాట్లాడిన నాదే అనుకున్నాను మరి.

తల్లులు అలా అనుకోవడం కొత్తేమీ కాదు. 1940లలో లియో కానర్ ఆటిజాన్ని మొదట వర్ణించిన రోజుల్లోనే తల్లిదండ్రుల చల్లదనం గురించి రాశాడు. 1967లో బ్రూనో బెటెల్‌హైమ్ పుస్తకం ఆ నిందని ఇంటింటికీ తీసుకెళ్ళింది. "రిఫ్రిజిరేటర్ తల్లులు" అన్న పేరుతో ఒక తరం ఆడవాళ్ళు తలలు దించుకుని బతికారు. దాన్ని 1964లోనే గట్టిగా ఖండించిన బెర్నార్డ్ రిమ్లాండ్ తానే ఒక ఆటిజం పిల్లవాడి తండ్రి. ఇప్పుడు ఆ మాట ఎవరూ అనరు. మమ్మల్నిప్పుడు "అడ్వకేట్లు" అంటున్నారు. వేసే పీట మారింది, కూర్చోవలసింది మాత్రం తల్లే.

టెక్సస్‌లో ఆ మీటింగుని ఎ.ఆర్.డి. అంటారు. అడ్మిషన్, రివ్యూ, డిస్మిసల్. పేరులోనే బయటికి పంపే తలుపు ఉంది చూడండి! బల్లకి అటు ఏడుగురు, ఇటు నేను. చట్టం ప్రకారం నేను కూడా ఆ కమిటీలో సమాన సభ్యురాలిని. వాళ్ళకది ఆ రోజు మూడో మీటింగు, నాకు ఆ ఏడాదిలో అదొక్కటే. మొదటిసారి ఒక్కదాన్నే వెళితే వారానికి 30 నిమిషాల స్పీచ్ థెరపీ అన్నారు, అదీ గుంపులో. పది రోజుల గడువు అడిగాను. ఒప్పందం కుదరనప్పుడు పది స్కూలు రోజులకి మించకుండా వాయిదా వేసి మళ్ళీ కూర్చోవచ్చు. రెండోసారి మా ఆయన్ని కోటు వేసుకుని రమ్మన్నాను. ఆయన రెండు గంటల్లో నాలుగు వాక్యాలు మాట్లాడారు. ఆ నాలుగూ నేను కార్లో నేర్పినవే. వాళ్ళు జవాబులన్నీ ఆయన మొహం చూసి చెప్పారు. నవ్వొచ్చిందా, ఒళ్ళు మండిందా అంటే రెండూనూ. వారానికి 60 నిమిషాలు, అందులో సగం ఒంటరిగా, అని రాయించుకుని వచ్చాం.

ఆ కాగితంలో "ప్రస్తుత స్థాయి" అని ఒక భాగం ఉంటుంది. బిడ్డ ఏం చెయ్యగలడో రెండు వాక్యాలు, ఏం చెయ్యలేడో రెండు పేజీలు. ఆ రెండు పేజీల్లో సగం నేనిచ్చినవే. ప్రశ్న అడిగితే ప్రశ్ననే తిరిగి చెబుతాడు. తోటి పిల్లల పేర్లు పలకడు. చొక్కా గుండీలు పెట్టుకోలేడు. ఏడాది పొడుగునా ఒక నోట్‌బుక్కులో తేదీలు వేసి రాసుకున్నాను. ఊరికి ఫోన్ చేసినప్పుడు మాత్రం ఇవే సంగతులు తిరగేసి చెప్పేదాన్ని. "పాటలన్నీ వచ్చమ్మా, కంప్యూటర్ భలే నడుపుతాడు." అక్కడ లోపం దాచాలి, ఇక్కడ లోపం చూపించాలి. రెండుచోట్లా వాడు కనిపించడు. వాన పడుతుంటే కిటికీ దగ్గర నిలబడి, ఆగినప్పుడల్లా నన్ను పిలిచి చూపించే పిల్లవాడు ఏ కాగితంలోనూ లేడు.

ఒక స్నేహితురాలికి దువ్వెన సంగతి సగం చెప్పాను, నేను సంతోషించిన ముక్క దాచి. "అందులో తప్పేముందే? లాయరు చేసే పనే నువ్వూ చేశావు. తన క్లయింటుకి నష్టం కలిగించే విషయం లాయరు తనంతట తను బయటపెట్టడు కదా" అంది. ఆ వాదన నాకు చాలా రోజులు ఆసరాగా పనికొచ్చింది. తర్వాత తర్వాత పట్టు తప్పింది. లాయరుకి క్లయింటు సమ్మతి ఉంటుంది. నా క్లయింటు ఏడేళ్ళవాడు, జవాబు చెప్పేముందు నా వంక చూశాడు. సరిగ్గా చెప్పానా అని అడగడానికే చూసి ఉంటాడు. నేను తలాడించలేదు. అబద్ధం ఆడలేదన్నది నిజమే. కానీ బిడ్డ ఒకమాట అని తల్లి మొహం వంక చూసినప్పుడు, ఆ మాట ఉందని ఒప్పుకోవడం తల్లితనంలో మొదటి పని అనుకుంటాను. ఆ పనిని నేను ఇంకో పనికోసం వదిలేశాను. ఆ ఇంకో పని కూడా వాడికోసమే కావడం వల్ల ఇది తేలిక పడిందో, బరువెక్కిందో!

ఇవా ఫెడర్ కిటే అనే తత్వవేత్త 1999లో "లవ్స్ లేబర్" అనే పుస్తకం రాసింది. తీవ్రమైన వైకల్యం ఉన్న కూతురిని పెంచిన తల్లి ఆవిడ. న్యాయసిద్ధాంతాలన్నీ స్వతంత్రులైన సమానుల మధ్య ఒప్పందాన్ని ఊహించుకుంటాయనీ, ఆధారపడినవాళ్ళనీ వాళ్ళని చూసుకునేవాళ్ళనీ ఆ బల్ల దగ్గర మర్చిపోతాయనీ ఆవిడ వాదన. ఆ పుస్తకం చదివినప్పుడు మా ఎ.ఆర్.డి. బల్లే గుర్తొచ్చింది. ఇక్కడ నన్ను మర్చిపోలేదు. కుర్చీ వేసి, పేరు రాసి, సంతకానికి చోటు పెట్టారు. చూసుకునే మనిషికి చెయ్యందించమని కిటే అడిగింది. చట్టం ఆ మనిషి చేతికి దావా కాగితం ఇచ్చింది.

చట్టం చెడ్డదని అనడం లేదు. 1975కి ముందు అమెరికాలో పది లక్షల మంది వికలాంగ పిల్లలు బడి గడప తొక్కలేదని ఆ దేశ కాంగ్రెసే ఒప్పుకుని ఆ చట్టం చేసింది. ఆ తర్వాత కోర్టులు దాన్ని కొంత పెంచాయి, కొంత కుదించాయి. 1982లో ఎమీ రౌలీ అనే చెవిటి పాప తరగతిలోకి సంజ్ఞల దుబాసీ కావాలని ఆమె తల్లిదండ్రులు, వాళ్ళూ చెవిటివాళ్ళే, సుప్రీంకోర్టుదాకా వెళ్ళారు. పాప పెదవుల కదలిక చదువుకుంటూ పై తరగతులకి వెళుతోంది కదా, ఆ మేలు చాలు, బిడ్డ శక్తి మొత్తం వెలికితీసే బాధ్యత ప్రభుత్వానికి లేదు అంది కోర్టు. మీటింగుల్లో ఇప్పటికీ కార్ల పోలిక వినిపిస్తుంది: షెవర్లే ఇస్తాం, కాడిలాక్ ఇవ్వం. 2005లో ఇంకో తీర్పు రుజువు భారం ఫిర్యాదు చేసినవాళ్ళదే అంది, అంటే ఎక్కువసార్లు తల్లిదండ్రులదే. 2006లో, తల్లిదండ్రులు గెలిచినా వాళ్ళు పెట్టుకున్న నిపుణుల ఖర్చు తిరిగిరాదంది. 2017లో మాత్రం కాస్త ఊపిరి పోసింది. నామమాత్రపు ప్రగతి సరిపోదు, ఆ బిడ్డ పరిస్థితికి తగినంత ఎత్తు లక్ష్యం ఉండాలని ఏకగ్రీవంగా చెప్పింది. అదనపు ఖర్చులో 40 శాతం దాకా భరిస్తానన్న కేంద్రం ఏనాడూ అంత ఇవ్వలేదు. హక్కు ఉంది, డబ్బు చాలదు. అలాంటప్పుడు ఆ హక్కు ఎవరికి చేరుతుంది?

దీనికి నాకు తెలిసిన జవాబు ఎకనమిక్స్ పుస్తకాల్లోది కాదు. మా నాన్నది సాగర్ కుడికాలువ కింద చివరి భూమి. నీళ్ళు వంతులవారీగా వదిలేవారు. కాగితం మీద మా వంతు ఉండేది. పైవాళ్ళు రాత్రిపూట తూము దగ్గర చెయ్యాల్సింది చేసేవారు, లస్కరు చూడనట్టు ఊరుకునేవాడు. నాన్న టార్చిలైటు, పార పట్టుకుని కట్ట మీద ఎన్ని రాత్రుళ్ళు తిరిగాడో. పైవాళ్ళు దుర్మార్గులు కారు. వాళ్ళకీ పైరు ఎండుతోంది, పెళ్ళాంబిడ్డలున్నారు. "నీళ్ళు ఎవరికీ చాలవురా, కాకపోతే వాళ్ళకి ముందు చాలవు" అనేవాడు నాన్న నవ్వుతూ. ఆ మాట అప్పుడు నాకు అర్థం కాలేదు.

మా వాడికి 60 నిమిషాలు రాయించుకొచ్చిన నెలకి, బడి వదిలే వేళ ఒకావిడ నా దగ్గరకి వచ్చింది. ఎల్ సాల్వడార్ నుంచి వచ్చినావిడ, హోటల్లో గదులు శుభ్రం చేసే పని. వాళ్ళమ్మాయీ మా వాడూ ఒకే థెరపిస్టు దగ్గరకి వెళతారు. ముక్కలు ముక్కలు ఇంగ్లీషులో "మా పాపకి గురువారం ఒంటరిగా ఉండేది, ఇప్పుడు గుంపులో వేశారు, మీకేమన్నా తెలుసా?" అని అడిగింది. నాకు తెలుసు. గురువారం ఒంటరి నిమిషాలు ఇప్పుడు మా వాడివి.

తెలియదన్నాను.

ఇక్కడ న్యాయం ఏమిటో చట్టం అడిగితే సులువుగా చెబుతుంది. ఒక పిల్లవాడి అవసరం తీర్చడానికి ఇంకో పిల్లకి రాసిచ్చిన సేవ తగ్గించకూడదు, ఇంకో థెరపిస్టుని పెట్టుకోవాలి. తప్పు డిస్ట్రిక్టుది. నేను నా బిడ్డకోసం అడిగాను, ఏ తల్లైనా అడుగుతుంది. ఇదంతా నిజమే. అయితే ఆ నెలంతా నాకు కాలువ గట్టు మీద టార్చిలైటు కనిపిస్తూ ఉండేది. పట్టుకున్న మనిషి మాత్రం నాన్న కాదు. ఆవిడ మీటింగుకి స్పానిష్ దుబాసీని పెట్టారట, చట్టం అది కూడా ఇస్తుంది. ఇరవై నిమిషాల్లో అయిపోయిందట. వాళ్ళు చెప్పింది దుబాసీ చెప్పింది, ఆవిడ సంతకం పెట్టింది. వాయిదా అడగొచ్చన్న సంగతి దుబాసీ పనిలోకి రాదు. నాకు కాలేజీలో పాఠం చెప్పిన నోరుంది, ఖాళీగా ఉన్న పగళ్ళున్నాయి, ఇంటర్నెట్టుంది, కోటు వేసుకుని పక్కన కూర్చునే మనిషున్నాడు. నా హెచ్-4 బతుకు నాకు జైలనిపించేది. ఆ జైలు పగళ్ళే నన్ను పై తూము దగ్గర కూర్చోబెట్టాయి.

తల్లి తన బిడ్డనే ముందు చూడడం సహజమనీ, అది స్వార్థం కిందకి రాదనీ మనం రాసుకున్నాం, చదువుకున్నాం. సారా రడ్డిక్ "మెటర్నల్ థింకింగ్" 1989లో వచ్చినప్పుడు తల్లుల పనిలో ఒక ఆలోచనా పద్ధతి ఉందని చెప్పడం ఎంత ధైర్యమిచ్చిందో, మన ముందుతరం వాళ్ళని అడిగితే చెబుతారు. ఆ ధైర్యాన్ని నేను వదులుకోను. నన్ను తొలిచేది వేరే. తల్లిప్రేమ ఎంత నేర్పుగా పోరాడితే అంత నీరు దొరికే చోట, ఆ ప్రేమ ఒక ఆస్తిలా తయారవుతుంది. చదువు, భాష, కాగితాలు ఉన్నవాళ్ళ ప్రేమ ఎక్కువ పండుతుంది. ప్రేమలో ఆవిడ నాకంటే వెనకబడిందేమీ లేదు.

రెండు వారాలు నిద్రపట్టక ఆవిడకోసం ఇంగ్లీషులో ఒక ఉత్తరం రాశాను. మార్పు ఎందుకు చేశారో రాతపూర్వకంగా చెప్పమని, మళ్ళీ మీటింగు పెట్టమని. ఆ మార్పు ఎవరివల్ల జరిగిందో మాత్రం అందులో రాయలేదు, ఆవిడకీ చెప్పలేదు. లైబ్రరీలో ప్రింటు తీసి ఇచ్చాను. సంతకం ఎక్కడ పెట్టాలో చూపించాను. ఆవిడ చాలాసేపు చూసి "వీళ్ళు కాగితాలు అడుగుతారా?" అంది. అడగకూడదు. వలస కాగితాలు ఉన్నా లేకపోయినా పిల్లలకి బడి ఉండి తీరాలని 1982లోనే సుప్రీంకోర్టు చెప్పింది, ఎమీ రౌలీ తీర్పుకి రెండు వారాల ముందు, టెక్సస్ మీద వచ్చిన కేసులోనే. ఇదంతా చెప్పాను. తలాడించి, ఉత్తరం నాలుగు మడతలు పెట్టి బ్యాగులో వేసుకుంది. ఇచ్చిందో లేదో నాకు తెలియదు. వేసవి తర్వాత ఆ పాప బడికి రాలేదు.

మా వాడి మాట మెరుగుపడింది. ఆ నిమిషాలు పనిచేశాయి, అది కూడా చెప్పాలి. అయితే రెండో ఏడాది మీటింగులో ఒకరు చాలా మర్యాదగా, ఇంట్లో కూడా ఒకే భాష ఉంటే బాబుకి తేలికేమో అన్నారు. రెండు భాషల్లో పెరగడం వల్ల ఆటిజం పిల్లల మాట ఇంకా వెనకబడుతుందనడానికి ఆధారం లేదని పరిశోధనలు చెబుతున్నాయి. ఆ రోజు నేను ఆ మాట అనాలంటే, వాడికి తెలుగులో మాటలున్నాయని చెప్పాలి. వాడికి ఏ భాషలోనూ మాటల్లేవన్న కాగితం మీద అప్పటికే సంతకం పెట్టి ఉన్నాను. ఒప్పుకున్నాను. ఇంట్లో ఇంగ్లీషు మొదలైంది. అన్నం పెట్టేటప్పుడు కూడా ఇంగ్లీషే. మా అమ్మ ఫోనులో "నాన్నా, అన్నం తిన్నావా?" అని అడిగితే వాడు ఫోను నాకిచ్చేసేవాడు. అమ్మ 2019లో పోయింది. చివరి రెండేళ్ళూ వాడితో మాట్లాడింది లేదు, స్పీకర్లో పెడితే వాడి అడుగుల చప్పుడు వింటూ కూర్చునేది.

2025లో వాడికి 18 నిండాయి. టెక్సస్‌లో ఆ వయసుకి నా హక్కులన్నీ వాడికి బదిలీ అవుతాయి. చాలామంది తల్లిదండ్రులు ఆ లోపల కోర్టుకెళ్ళి గార్డియన్‌షిప్ తెచ్చుకుంటారు. నాకూ సలహా ఇచ్చారు. దానికి బదులు, నిర్ణయం మనిషిదే, అర్థం చేసుకోవడానికి తోడు ఇంకొకరు, అనే ఒప్పందం ఒకటుంది. అలాంటి చట్టం 2015లో దేశంలో మొదట చేసింది టెక్ససే, 8.5 శాతం అంకె ఇంకా అమల్లో ఉన్న రోజుల్లో! ఆ ఒప్పందం మీద వాడూ నేనూ సంతకాలు పెట్టుకున్నాం.

ఎ.ఆర్.డి. నోటీసు ఈసారి వాడి పేరున వచ్చింది. దానితోపాటు నింపి తేవలసిన కాగితం ఒకటి. వాడు వంటింటి బల్ల దగ్గర కూర్చుని నింపుతున్నాడు, నేను పొయ్యి దగ్గర ఉన్నాను. నీకు కష్టమైన విషయాలు అన్నచోట ఆగాడు. నా నోట్‌బుక్కులన్నీ నోటిదాకా వచ్చాయి. కూర కలుపుతూ ఊరుకున్నాను. ఎక్కువమంది ఒకేసారి మాట్లాడితే తనకి ఏమీ వినపడదని రాసుకున్నాడు. ఇన్నేళ్ళ మీటింగుల్లో ఆ మాట ఎవరూ రాయలేదు, నేను కూడా. తర్వాత భాషలు అన్నచోట ఇంగ్లీషు, తెలుగు అని రాశాడు.

"నీకు తెలుగు రాదు కదరా" అన్నాను.

"కొన్ని మాటలు వచ్చు" అన్నాడు ఇంగ్లీషులో, కాగితం మీంచి తలెత్తకుండా.